2024–25 వార్షిక నివేదిక: సంఘం పడవ, శీతాకాల నిర్వహణ

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, సభ్యులకు, వారి కుటుంబాలకు కార్యవర్గం తరఫున నమస్కారాలు. బర్మింగ్‌హామ్ కాలువలో మన సంఘానికి పడవ ఎందుకు ఉన్నదో, దానిని ఎందుకు నిలుపుకుంటున్నామో మీ అందరికీ తెలిసినదే కనుక ఆ ప్రస్తావనతో మీ సమయం తీసుకోను. వేసవి విహారాలు, వనభోజనాలు, పిల్లల తెలుగు తరగతులు యథావిధిగా జరిగాయి. వాటి ఫొటోలు వాట్సాప్ గ్రూపులో అందరూ చూశారు. ఫొటోలకు ఎక్కని పని శీతాకాలంలో జరిగింది. ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

కాలువ గడ్డకడితే పడవ నలిగిపోదా అని ఏటా కొందరు సభ్యులు ఆందోళనతో ఫోన్ చేస్తుంటారు. మన పడవ అడుగు రేకు 10 మిల్లీమీటర్లు, పక్క రేకులు 6 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు. కట్టి ఉంచిన పడవ చుట్టూ రెండు మూడు అంగుళాల మంచు పేరుకున్నంత మాత్రాన ఆ రేకుకు వచ్చే ప్రమాదమేమీ లేదు. భయపడవలసింది లోపలి గొట్టాల గురించి. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం పెరుగుతుంది గనుక, గొట్టంలో నిలిచిపోయిన గ్లాసెడు నీరు చాలు, కుళాయిని చీల్చడానికి.

అందుచేత నవంబరు చివరలోనే పంపు ఆపి, కుళాయిలన్నీ తెరిచి, వేడినీటి ట్యాంకును అడుగునుంచి ఖాళీ చేసి, షవరు గొట్టాన్ని విప్పి కింద పెట్టడమైనది. ఇంజనును చల్లబరిచే నీటిలో యాంటీఫ్రీజ్ (నీరు గడ్డకట్టకుండా కలిపే ద్రవం) తగినంత ఉన్నదో లేదో పరీక్షించడమైనది. డీజిల్ ట్యాంకులో ఖాళీ ఉంటే ఆ జాగాలో తేమ చేరి నీరై, ఆ నీటిలో పెరిగే సూక్ష్మజీవులు ఫిల్టరును మూసివేస్తాయి కాబట్టి ట్యాంకును అంచుదాకా నింపాము. చార్జి తగ్గిన బ్యాటరీ త్వరగా గడ్డకట్టి పాడవుతుంది కాబట్టి వాటిని నిండుగా చార్జి చేసి ఉంచాము. బ్యూటేన్ గ్యాసు సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాక మొరాయిస్తుంది గాని, మన సిలిండర్లు ప్రొపేన్‌వి కావడం వల్ల టీకి లోటు రాలేదు.

ఈ పనికి పేర్లు ఇచ్చినవారిలో సగం మంది కూడా రాలేదని విచారంతో తెలియజేస్తున్నాను. వచ్చినవారు చీకటి పడేదాకా పనిచేసినా, వెనుక గది చేతులు కడిగే తొట్టి పని ఒప్పుకున్న సభ్యుడు రాకపోవడంతో ఆ ఒక్క కుళాయిలో నీరు మిగిలింది, జనవరిలో అది పగిలింది. కొత్త కుళాయి ఖర్చు ఖాతాల్లో కనిపిస్తుంది.

ఇక 2025 జనవరి రెండో వారం విషయం. సంక్రాంతి సంబరాలకు శనివారం, 11వ తేదీన, ఎడ్జ్‌బాస్టన్ వైపు పడవ ప్రయాణం ఏర్పాటు చేసిన సంగతి మీకు తెలుసు. ఆ వారమంతా ఉన్న తీవ్రమైన చలికి కాలువ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గడ్డకట్టింది. ఇంజను బలంగానే ఉంది గదా, చీల్చుకుంటూ పోదామని పలువురు సభ్యులు గట్టిగానే వాదించారు. దారిలో లాకులు (పడవను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి చేర్చే తలుపుల కట్టడాలు) కూడా లేవు గనుక వారి మాట పైకి సబబుగానే తోచింది. అయినా కార్యవర్గం ఒప్పుకోలేదు. పడవ కదిలినప్పుడు పగిలిన మంచు పలకలు అద్దపు పెంకుల్లా నీటి మట్టం దగ్గర పక్క రేకును ఒరుసుకుంటూ, తుప్పు పట్టకుండా పూసిన నల్ల రంగును గీకేస్తాయి. అంతకన్నా ముఖ్యమైనది ఇరుగుపొరుగు సంగతి. మనం నెట్టిన పలకలు పోయి తగిలేది గట్టున కట్టి ఉన్న ఫైబర్‌గ్లాస్ పడవలకు, పాత చెక్క పడవలకు. వాటికి ఉక్కు రేకు లేదు, పైగా వాటిలో కొన్నింట మనుషులు ఏడాది పొడవునా కాపురం ఉంటున్నారు.

పూర్వం ఇక్కడ మంచు పగలగొట్టడానికి ప్రత్యేకమైన పడవలే ఉండేవి. గుర్రాలు గట్టునుంచి లాగుతుంటే, పడవ నడుమ ఉన్న కమ్మీని పట్టుకుని వరుసగా నిలబడ్డ మనుషులు అటూ ఇటూ ఊపుతూ మంచును విరిచేవారు. 1962–63 శీతాకాలంలో వారాల తరబడి గడ్డకట్టిన కాలువల ముందు అటువంటి ఏర్పాట్లు కూడా చాలలేదు. సరుకు లారీలకు, రైళ్లకు మళ్లి, చాలావరకు తిరిగి కాలువకు రాలేదు. గోదావరి డెల్టాలో పెరిగిన మన పెద్దలకు ఎండాకాలంలో నీరు ఆపి కాలువలు కట్టేయడం తెలుసు. ఇక్కడ లాకుల మరమ్మతులు శీతాకాలంలో పెట్టుకుంటారు. ఆ వారం కూడా కాలువ కట్టేసినట్టే అనుకోవాలని వారు చెప్పాకే చర్చ సద్దుమణిగింది.

పడవ కదలలేదు గాని పండుగ ఆగలేదు. ఈ ఏడాది కార్యక్రమాలన్నింటిలో కార్యవర్గం గర్వంగా చెప్పుకునేది ఇదే. ప్రయాణంలో 12 మందికి మించి ఎక్కించుకోరాదన్న నియమాన్ని కట్టి ఉన్న పడవకూ పాటించి, కుటుంబాలను విడతలుగా లోపలికి పంపాము. గట్టుమీద భోగిమంట వేయడానికి వీలు లేదు కనుక పడవలోని బొగ్గుల పొయ్యినే భోగిమంటగా భావించి, దాని పక్కన పిల్లలకు భోగిపళ్లు పోశాము. మంచు పడిన గట్టుమీద ముగ్గు నిలవదని చెక్క పలకలపై ముగ్గులు వేసిన మహిళా సభ్యులకు, అరిసెలు, సకినాలు, చక్రపొంగలి వండి తెచ్చిన కుటుంబాలకు, తమ పొయ్యికి తెచ్చుకున్న బొగ్గు బస్తా మనకిచ్చిన పొరుగు పడవవారికి సంఘం రుణపడి ఉంది. ఆ పొరుగువారు మూడోసారి అడిగి మరీ అరిసెలు తిన్నారు.

ఆ రోజు గమనించిన రెండు విషయాలు సభ్యులు మరువరాదు. చలిగాలి వస్తున్నదని ఎవరో గాలి రంధ్రంలో కండువా కుక్కారు. పొయ్యి మండుతున్న గదిలో గాలి మూసివేస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండి, వాసనైనా తెలియకుండా ప్రాణం తీస్తుంది. మరొకరు కాలు జారకుండా ఇనుప మెట్టుపై వంట ఉప్పు చల్లారు. ఉప్పు ఉక్కును తినేస్తుంది, మెట్లకు ఇసుకే వాడాలి. పిల్లల విషయంలో మాత్రం మాట మెత్తగా చెప్పలేను. 2022 డిసెంబరులో ఇక్కడికి దగ్గరలోని సోలిహల్‌లో, బాబ్స్ మిల్ చెరువుపై మంచు విరిగి నలుగురు బాలురు మరణించారు. కాలువపై మంచు ఎంత గట్టిగా కనిపించినా దానిపై పిల్లలు కాలు పెట్టకుండా చూసే బాధ్యత ఆ పిల్లలను వెంట తెచ్చినవారిది.

నీళ్లు పట్టుకునే రేవు కుళాయి గడ్డకట్టి పగిలిన సంగతిపై సంబంధిత కార్యాలయానికి పలుమార్లు వ్రాశాము. యంత్రం పంపే జవాబులు వెంటనే వచ్చాయి, మనిషి జవాబు రాలేదు. గట్టుమీద వెలగని దీపం ఎవరి పరిధిలోనిదో తేలేసరికి మంచు దానంతటదే కరిగింది.

మార్చిలో పరీక్షించగా పక్క రేకుల నల్ల రంగు చెక్కుచెదరలేదని తేలింది. జనవరిలో కదలవద్దన్న నిర్ణయాన్ని ఇంకా విమర్శిస్తున్నవారు ఈ వాక్యాన్ని గమనించగలరు. జమాఖర్చులు కోశాధికారి తనిఖీ చేయించి సిద్ధం చేశారు. ప్రతులు బల్లపై ఉన్నాయి. సందేహాలుంటే వారినే అడగగలరు.

నవంబరు పనికి ఈసారి పేర్లతో పాటు ఎవరు ఏ కుళాయి పని చూస్తారో కూడా ఈ సమావేశంలోనే వ్రాసుకుంటాము. వేసవి విహారంలో తీసుకున్న లాకులు తెరవడానికి తిప్పే రెండు చేతిపిడులు, పొడవాటి గెడ ఒకటి ఇంకా పడవకు తిరిగి చేరలేదు. ఎవరి కారులో ఉన్నా దయచేసి వారంలోగా అందజేయగలరు.

ఇట్లు,
కార్యదర్శి