పీడీఎఫ్‌లో చిక్కుకున్న పాఠం: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించే ఒక స్కూల్ అసిస్టెంటు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

మన బడుల్లోకి పరికరాలు చాలానే వచ్చాయి. తరగతి గదుల గోడలకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు బిగించారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ, వారి ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. అందువల్ల నేను అడగబోయేది మరో పరికరం కాదు, మరో యాప్ అసలే కాదు. పిల్లల సంచిలో ఉన్న పాఠ్యపుస్తకాన్నే సరైన పద్ధతిలో వెబ్‌లోకి తెమ్మని అడుగుతున్నాను.

పుస్తకం ఇప్పటికే ఇంటర్నెట్‌లో ఉంది కదా అని మీ అధికారులు అనవచ్చు. అక్కడ ఉన్నది పీడీఎఫ్, అంటే కాగితం కొలతకు కట్టుబడి ఉండే పుట. మన ద్విభాషా పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పుటలో తెలుగు ఉండటం అచ్చులో ఎంతో సౌకర్యం. అదే పుట అరచేతిలో పట్టే తెరమీదికి వచ్చేసరికి, ఒక్క వాక్యం చదవడానికి దాన్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చోవాలి. వెబ్ పుటగా తయారుచేస్తే ఇంగ్లీషు పేరా మీద వేలు పెట్టగానే దాని తెలుగు కిందనే తెరుచుకునేలా చేయవచ్చు, అక్షరాలు తెర వెడల్పును బట్టి సర్దుకుంటాయి.

దీనికన్నా లోతైన చిక్కు అక్షరంలోనే ఉంది. అచ్చుకు పుటలు కూర్చే తెలుగు డీటీపీ పని ఇప్పటికీ చాలావరకు యూనికోడ్‌కు, అంటే ప్రతి అక్షరాన్నీ కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తుపట్టే పద్ధతికి, ముందు కాలపు ఫాంట్లతోనే సాగుతోంది. అలా తయారైన పీడీఎఫ్ మన కంటికి తెలుగే గానీ, కంప్యూటరుకు మాత్రం అర్థంలేని గుర్తుల గుంపు. అందులో ‘నిరోధం’ అనే మాట వెతికితే దొరకదు, ఒక పేరా కాపీ చేస్తే గజిబిజిగా వస్తుంది. కొన్నేళ్ల క్రితం నా తరగతిలో చూపులేని ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల అన్న పంపే వాట్సాప్ సందేశాలను ఆమె ఫోను తెలుగులో గడగడా చదివి వినిపించేది, పదో తరగతి పాఠాన్ని మాత్రం చదవలేకపోయేది. చివరికి సాయంత్రాలు కూర్చుని పాఠాలన్నీ నా గొంతుతో రికార్డు చేసి ఇచ్చాను. వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో, యూనికోడ్‌లో తెలుగు చేరింది 1991లో. మండలి, సురన్న, రామభద్ర వంటి అందమైన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇన్ని ఉండి కూడా ఆ పిల్లకు నా బొంగురు గొంతే దిక్కు కావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సమీకరణాల మాటేమిటని మా సహోపాధ్యాయులే అడుగుతారు. ఇన్నాళ్లూ వాటిని బొమ్మలుగా అతికించడం తప్పలేదు. ఇప్పుడు గణిత చిహ్నాలను పాఠంలాగే రాయగలిగే మ్యాథ్‌ఎంఎల్ పద్ధతి ఉంది. 2023 జనవరిలో వచ్చిన క్రోమ్ బ్రౌజరు 109వ వెర్షన్‌తో అది ప్రధాన బ్రౌజర్లన్నింటికీ చేరింది.

ఇక ఇంటర్నెట్ సంగతి. ఒకసారి తెరిచిన వెబ్ పుట ఫోనులోనే నిలిచి, సిగ్నల్ లేకపోయినా మళ్లీ తెరుచుకునే సాంకేతికత బ్రౌజర్లలో ఏళ్లుగా ఉంది. మా పిల్లల ఇళ్లలో ఫోను నాన్నతో పాటు పొద్దున పనికి వెళ్లి రాత్రి తిరిగొస్తుంది, ఆ వేళకు ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది. పాఠంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే వీడియో మంచిదే కావచ్చు, కానీ అది ఆ ఇంట్లో తెరుచుకోదు. అక్షరాలూ బొమ్మలూ ఉన్న పాఠానికి వీడియోతో పోలిస్తే ఖర్చయ్యే డేటా చాలా తక్కువ.

బ్రౌజర్‌లోనే నడిచే పాఠం ఎలా ఉంటుందో నా తరగతిలో జరిగిన సంగతి చెబుతాను. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ‘ఫెట్’ ప్రాజెక్టు సైన్సు ప్రయోగాలను తెరమీద చేసి చూసేలా ఉచితంగా అందిస్తోంది. వాటిని ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకుండానే ప్యానెల్ మీద నడుస్తాయి. ఓమ్ నియమం చెప్పేటప్పుడు అందులో నిరోధాన్ని పెంచగానే, సమీకరణంలో విద్యుత్ ప్రవాహాన్ని సూచించే ‘ఐ’ అక్షరం చిన్నదైపోతుంది. వెనక బెంచీలోంచి ఒకడు “సార్, ఐ బక్కచిక్కిపోయింది!” అని అరిచాడు. విలోమానుపాతం అనే మాటను నేను ఎన్నో ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను గానీ, ఇంత బాగా ఎవరికీ చెప్పలేకపోయాను. ఇలాంటి ప్రయోగాన్ని పాఠంలో ఓమ్ నియమం ఉన్న చోటే, మన పుస్తకంలోని పరిభాషతోనే అమర్చవచ్చు. ఆ పనికి విషయం తెలిసిన ఉపాధ్యాయులు కావాలి.

ఇదంతా ఎవరి చేతిలో ఉండాలన్నది కూడా మీరే తేల్చాలి. ఒకప్పుడు నేను పోగుచేసుకున్న యానిమేషన్లు ‘ఫ్లాష్’ అనే ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉండేవి. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ఆగిపోయింది, అవి మూగబోయాయి. ట్యాబ్‌లలో పాఠాలు పెట్టిన ప్రైవేటు సంస్థ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఫెట్ వాళ్లు తమ పాత ప్రయోగాలను ఒక్కొక్కటిగా ఎవరి సొంతమూ కాని వెబ్ ప్రమాణాల్లోకి మార్చుకున్నందువల్లే అవి ఇవాళ్టికీ పనిచేస్తున్నాయి. ప్రజాధనంతో రాయించే పాఠం కూడా అలాంటి ప్రమాణాల్లోనే, ఎవరైనా వాడుకుని సవరించుకోగల లైసెన్సుతో ఉండాలని కోరుతున్నాను. అప్పుడు మన్యంలోని టీచరు ఒక ఉదాహరణను అక్కడి పిల్లలకు తెలిసినదిగా మార్చుకోగలరు, పుస్తకంలో దొర్లిన తప్పును దిద్దడానికి మరుసటి ఏడాది ముద్రణ కోసం ఆగనక్కరలేదు.

ఒక్క మాట మొహమాటం లేకుండా చెప్పాలి. సాంకేతికత అనగానే మాకు గుర్తొచ్చేది హాజరు నమోదు, మధ్యాహ్న భోజనం ఫొటోలు. ఈ పనిని కూడా మరో యాప్‌గా, మరో రోజువారీ లక్ష్యంగా మా నెత్తిన పెడితే అది మొదటి నెలలోనే చచ్చిపోతుంది.

అందుకే ఒక్క పాఠంతో మొదలుపెట్టమని ప్రార్థన. పదో తరగతి ‘విద్యుత్’ పాఠాన్ని తీసుకుని, నలుగురైదుగురు ఉపాధ్యాయులకు రెండు నెలలు ఆన్ డ్యూటీ ఇప్పించి, వారితో పాటు ఒక వెబ్ నిపుణుణ్ణీ, చూపులేని ఒక పాఠకుణ్ణీ కూర్చోబెట్టండి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి దాన్ని కొన్ని బడుల్లో పరీక్షించి, లోపాలుంటే చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో మమ్మల్నే తిట్టమనండి. ఆ నలుగురైదుగురిలో ఒకరిగా పనిచేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు