పుట్టగొడుగు మొక్క కాదు మహాప్రభో!

సంపాదకులు గారికి,

పోయిన వారం విద్యార్థుల పేజీలో పుట్టగొడుగును ‘పత్రహరితం లేని మొక్క’ అన్నారు. పొరపాటు ఎవరికైనా జరుగుతుందిలే అని ఊరుకున్నాను. నా చేత కలం పట్టించింది మొన్న మీరు వేసిన సవరణ. భూతద్దం పెడితే తప్ప కనపడని ఆ రెండు వాక్యాల్లో ‘దీనిపై శాస్త్రవేత్తల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి’ అని తేల్చేశారు. ఏ శాస్త్రవేత్తల్లోనండీ?

తగాదా ఉన్నది రాజ్యాలు, అంటే జీవులను పంచే పెద్ద వర్గాలు, ఎన్ని అన్న లెక్క దగ్గర. 1735లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త జీవులన్నిటినీ మొక్కలు, జంతువులు అని రెండుగా పంచాడు. అటూ ఇటూ ఇమడని సూక్ష్మజీవులకు 1866లో హెకెల్ ప్రొటిస్టా అని మూడో వాటా ఇచ్చాడు. 1969లో విట్టేకర్ ఐదు రాజ్యాలన్నాడు, పుట్టగొడుగులు, బూజుల వంటి శిలీంధ్రాలకు (ఫంగస్‌లకు) సొంత రాజ్యం ఇచ్చాడు. 1977లో కార్ల్ వోజ్ వచ్చి, బాక్టీరియాగా లెక్కేస్తున్న వాటిలో ఆర్కియా అనే వేరే వంశమే ఉందని చూపించేసరికి ఆ లెక్కా కదిలింది. ఆరంటారు, ఏడంటారు, అననివ్వండి. కానీ ఈ రోజుల్లో పుట్టగొడుగును మొక్కల్లో కలిపేవారు మీ పేజీలో తప్ప ఎక్కడా కనపడరు.

దాని కణకవచంలో ఉండేది కైటిన్, రొయ్య పెంకులో ఉండే సరుకే. మొక్కలా పిండి దాచుకోదు. మన కాలేయంలాగే గ్లైకోజన్ దాచుకుంటుంది. జన్యువులు చూస్తే మొక్కల కంటే మనకే దగ్గర చుట్టం. (ఈ చుట్టరికం నాకూ పెద్ద గొప్పగా ఏమీ లేదు.) ఫంగస్ జబ్బులకు, మన కణాలకు హాని చేయని మందు దొరకడం కష్టం కావడానికి ఈ దగ్గరితనం ఒక కారణం. 1845లో ఐర్లండులో బంగాళాదుంపను తుడిచిపెట్టిన తెగులును చాలాకాలం శిలీంధ్రమే అనుకున్నారు, తీరా చూస్తే అది వేరే శాఖ జీవి. శిలీంధ్రాలను చంపే కొన్ని మందులు దాని మీద పనిచేయవు. పేరులో ఏముంది అనేవారు అది కాస్త ఆలోచించాలి.

మిమ్మల్నొక్కరినే అని ఏం లాభం? ప్రశ్నపత్రాలు కూర్చే పెద్దలు ఇంకా ఘనులు. ‘జీవరాజ్యాలు ఎన్ని?’ అన్న ఒక మార్కు ప్రశ్నకు నాకు తెలిసిన ఒక అమ్మాయి ‘విట్టేకర్ ప్రకారం ఐదు, ఆరు అన్నవారూ ఉన్నారు’ అని రాసి సున్నా తెచ్చుకుంది. అడిగితే ‘కీలో ఐదే ఉంది’ అన్నారు. కీ ఎవరు రాశారంటే పైవారన్నారు. పైవారు సెలవులో ఉన్నారు. తెలిసి రాసిన పిల్లకు సున్నా, బట్టీపట్టిన వాడికి మార్కు!

సవరణను తప్పు వేసిన చోటే, అంతే అక్షరాల్లో మళ్లీ వేయండి. వచ్చే వారం వైరస్‌ల గురించి రాస్తామని ప్రకటించారు. వాటిని ఏ రాజ్యానికి రాసిస్తారోనని ఇప్పటినుంచే గుండె దడగా ఉంది.

– ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు