వార్షిక నివేదిక: ఓడ పట్టికల్లోని ఊళ్లు

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు. జమాఖర్చుల పట్టిక విడిగా పంచాము గనుక ఇక్కడ మళ్లీ ఎత్తుకోవడం లేదు. ఉగాది సభ, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది సంఘానికి ఎక్కువ శ్రమ పట్టిన పని ఒక్కటే: పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ దక్షిణాఫ్రికా నుంచి తిరుపతికి వచ్చిన కుటుంబాలకు తోడ్పడడం.

మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది మొదలు 1911 వరకు లక్షన్నరకు పైగా భారతీయులు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఐదేళ్ల ఒప్పందపు కూలీలుగా వెళ్లారు. ఆ ఒప్పందాన్నే వాళ్లు గిర్మిట్ అనేవారు. ప్రతి మనిషికీ ఓడ పట్టికలో ఒక సంఖ్య వేసి తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు, చివరకు ఒంటి మీది మచ్చలు సైతం రాసుకున్నారు. ఇంత వివరంగా ఉన్నా చిక్కు తప్పలేదు. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, నేటాల్‌కు కూలీల ఓడలు ఆగిపోయిందీ ఆ ఏడాదే. అందువల్ల ఆ కాగితాల్లో ఉండేది ఉత్తర ఆర్కాటు జిల్లా పేరే కాబట్టి, అది నమ్ముకుని వచ్చినవాళ్లు, తర్వాత ఆ జిల్లాకు కేంద్రమైన తమిళనాడులోని వేలూరు వైపు తిరిగి తిరిగి అలసిపోతున్నారు. చంద్రగిరి తాలూకా పల్లెలు కొన్ని 2022లో కొత్త తిరుపతి జిల్లాలో చేరాయి. ఉన్నచోటు నుంచి కదలకుండానే అవి మూడు జిల్లాలు చూశాయి.

మా వల్ల జరిగిన ఒక పొరపాటును కూడా సభ్యుల ముందుంచాలి. అలా వచ్చిన ఒక పెద్దావిడకు సన్మానం చేస్తూ మువ్వన్నెల శాలువా కప్పి, ఎక్కడున్నా మీ దేశం భారతదేశమేనని వేదిక మీద గట్టిగా ప్రకటించాము. ఊరు తన అవ్వలదని, దేశం మాత్రం తను పుట్టినదేనని ఆమె నెమ్మదిగా, వచ్చీరాని తెలుగులోనే సరిదిద్దారు. కొందరికి ఆ మాట కష్టంగా తోచింది. నా మట్టుకు నాకు ఆమె చెప్పిందే న్యాయం. గిర్మిట్ ముగించుకున్నవారి మీద వేసిన మూడు పౌండ్ల పన్నుకు ఎదురుతిరిగి 1913లో గనుల్లో, చెరకు తోటల్లో పని మానేసి, మరుసటి ఏడాదికల్లా దాన్ని రద్దు చేయించుకున్నవాళ్లు ఆ జనం. మారిషస్‌లో పుట్టిన తంబి నాయుడు గాంధీజీతో కలిసి అక్కడి ట్రాన్స్‌వాల్ ప్రాంతపు జైళ్లకు పలుమార్లు వెళ్లగా, ఆయన మనవడు ఇంద్రెస్ నాయుడు వర్ణవివక్ష మీద పోరాడి రాబెన్ దీవిలో పదేళ్లు శిక్ష అనుభవించారు. ఆ గడ్డ మీది భారతీయులను శాశ్వత నివాసులుగా ప్రభుత్వం ఒప్పుకున్నది 1961లో; నల్లజాతి ప్రజలతో పాటు వరుసలో నిలబడి ఓటు వేసింది 1994 ఏప్రిల్ 27న. అన్ని తరాలు పట్టి సంపాదించుకున్న గౌరవాన్ని ఒక్క శాలువాతో మనది చేసుకోబోయాము.

దీని మీద కార్యవర్గంలో వాదన గట్టిగానే సాగింది. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన పిల్లలను అక్కడివారు ఇంకా పరాయివాళ్లుగా చూస్తే నొచ్చుకునే మనమే, ఇక్కడికి వచ్చినవారి పౌరసత్వాన్ని ఎందుకు పక్కన పెడుతున్నామని ఒక సభ్యురాలు అడిగినప్పుడు ఎవరూ వెంటనే బదులు చెప్పలేకపోయారు. ఇకపై అతిథులను వారి దేశ పౌరులుగానే పరిచయం చేయాలని తీర్మానించాము. ఇద్దరు సభ్యుల అసమ్మతిని మినిట్స్ పుస్తకంలో నమోదు చేశాము.

పాత ఊళ్ల పేర్ల పట్టిక ఇంకా సగంలోనే ఉంది. 1911కు ముందటి భూమి దస్తావేజులు ఎవరి ఇంట్లోనైనా ఉంటే, అసలు తమ వద్దే ఉంచుకుని నకలు మాత్రం సంఘ కార్యాలయంలో ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు
కార్యదర్శి, తిరుపతి