ఆ 32 వ్యాయామాల్లో లాగేది ఏదండీ?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పరికరాలు అక్కర్లేని వ్యాయామాలంటూ నాలుగు వారాలు వేశారు. వారానికి ఎనిమిది చొప్పున మొత్తం 32. బొమ్మలు బాగున్నాయని కత్తిరించి కుట్టుమిషన్ ఎదురుగా గోడకి అంటించుకున్నాను. తొమ్మిది రోజులు చేశాను. పదో రోజుకి ఏది ఎన్ని చేశానో లెక్క తప్పింది, మణికట్టు నొప్పి పట్టుకుంది, అన్నీ కలిపి మానేశాను. నాకు 54 ఏళ్లు, 27 ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. తప్పంతా మీదే అనను, నాకు ఓపిక తక్కువ. కానీ ఆ జాబితాలో పెద్ద లోటు ఒకటి ఉంది. ఈ ఉత్తరం దాని గురించే.

కొలతలు తీసేవాళ్లకి ఒక సంగతి తెలుసు. రోజంతా ముందుకు వంగి పనిచేసేవాళ్లకి వీపు వెడల్పు ఎక్కువ వస్తుంది, ఛాతీ మీద వెడల్పు తక్కువ వస్తుంది. భుజాలు ముందుకి జారడం వల్ల అలా అవుతుంది. ఆ రెండు అంకెలు చూసి, మనిషిని చూడకుండానే ఏ మాదిరి పని చేస్తారో చాలాసార్లు చెప్పేయగలను. నా కొలతలూ అంతే. ఆ కళ్లతో మీ బొమ్మలు మళ్లీ లెక్కపెట్టాను. పుషప్‌లు ఏడు రకాలు, పొట్టకి పదకొండు, గెంతేవి ఆరు, కాళ్లకి ఎనిమిది. చేతులతో దేన్నయినా మనవైపు లాగేది ఒక్కటీ లేదు. అసలే ముందుకు వంగిపోయిన మనిషి చేత ఏడు రకాలుగా నెట్టించి, ఒక్కసారి కూడా లాగించకపోతే వీపు సంగతేమిటి?

తర్వాత మోకాలి నొప్పికి వెళితే ఒక ఫిజియోథెరపిస్టు నా గోడ కథంతా విని నవ్వారు. వ్యాయామాల పేర్లు వదిలేసి ఒంటికి ఉన్న పనులు గుర్తుపెట్టుకోమన్నారు: నెట్టడం, లాగడం, కూర్చుని లేవడం, తుంటిని పైకి ఎత్తడం, నడుము కుంగకుండా నిలబెట్టడం. ఒక్కో పనికి ఒక్కటి ఎంచుకుంటే చాలన్నారు. ఏడాదిన్నర అయింది, ఇంతవరకూ ఆరోది అవసరం పడలేదు.

నెట్టడానికి పుషప్. మీ బొమ్మలో కుర్రాడు నేరుగా నేలమీదే మొదలుపెట్టాడు, నేను ఈసారి గోడమీద మొదలుపెట్టాను. కుతూహలం కొద్దీ ఒకరోజు బరువు తూచే మిషన్ నేలమీద పెట్టి, దానిమీద రెండు చేతులూ ఆనించి పుషప్‌కి సిద్ధమైనట్టు నిలిచాను. నా బరువు 62 కిలోలు, ముల్లు 42 దగ్గర ఆగింది. మోకాళ్లు నేలకి ఆనిస్తే 33కి దిగింది. ఏ పిండి బస్తానో మోయమంటే ఆలోచించే మనిషిని, అప్పట్లో మీ బొమ్మ చూసి మొదటిరోజే 42 కిలోలు నెట్టబోయానన్నమాట! మణికట్టు నొప్పెట్టిందంటే పెట్టదూ? చేతులు ఎంత ఎత్తులో ఆనిస్తే వాటిమీద అంత తక్కువ బరువు పడుతుంది. గోడ, తర్వాత కటింగ్ బల్ల, తర్వాత స్టూలు, ఆఖరికి నేల. బల్ల నుంచి నేలకి దిగడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

లాగడమే కష్టం. నెట్టడానికి భూమి ఉంది, పట్టుకుని లాగడానికి ఏదో ఒకటి కావాలి. బహుశా అందుకే అందరూ దీన్ని వదిలేస్తారు. నా కటింగ్ బల్ల బరువైనది, అంచు పట్టుకుని వేలాడినా కదలదు. (తేలికపాటి బల్లలతో ఈ పని చేయకండి, మీద పడుతుంది.) దానికింద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, అంచు పట్టుకుని ఛాతీని బల్లవైపు లాగాలి. మొదట్లో ఒక్కటీ రాలేదు. అప్పుడు ఆ ఫిజియోథెరపిస్టే ఒక చిట్కా చెప్పారు. కండరం బరువుని పైకి లాగేటప్పటికంటే ఆపుకుంటూ కిందికి దించేటప్పుడు ఎక్కువ బలం చూపిస్తుందట. అందుకని కాళ్లతో తన్ని పైకి లేచి, అయిదు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగేదాన్ని. మూడో వారంలో మొదటిసారి కాళ్ల సాయం లేకుండా పైకి వచ్చాను. ఆరోజు ఒక చొక్కాకి కాలరు తిరగేసి కుట్టాను, అంత సంబరం.

మిగతా మూడింటికి పెద్ద కథ లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, అది తేలికయ్యాక కుర్చీ తీసేసి బస్కీలు. వెల్లకిలా పడుకుని మడమలు నేలకి నొక్కి తుంటి పైకి ఎత్తడం, అది వచ్చాక ఒంటికాలితో. ఆఖరున ప్లాంక్, అంటే బోర్లా ఉండి మోచేతులు, కాలివేళ్లు మాత్రమే నేలకి ఆనించి ఒంటిని తిన్నగా నిలపడం. నడుము కుంగిపోతూ రెండు నిమిషాలు ఎలాగో గడపడం కన్నా, ఒళ్లంతా బిగించి 20 సెకన్లు అలా ఉంటే నయం. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు. నాకు ఉంది కాబట్టి పైకి అంకెలు లెక్కపెడుతూ చేస్తాను, మాట్లాడుతుంటే ఊపిరి ఆగదు.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, పాతిక నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా పెద్దవాళ్లు వారానికి కనీసం రెండు రోజులు ముఖ్యమైన కండరాలన్నిటికీ బలం పెంచే పని చెప్పాలనే ఉంది. మీ శీర్షికలో ‘రోజూ తప్పకుండా’ అని ఎందుకు రాశారో నాకు అర్థం కాలేదు. రోజుకి వంద పుషప్‌ల పందేలు కూడా నాకు నచ్చవు. పదిహేను సునాయాసంగా వస్తున్నాయంటే యాభైకి పోనక్కర్లేదు, చేతులు ఇంకో మెట్టు కింద ఆనించి మళ్లీ అయిదు దగ్గర మొదలుపెట్టాలి. బలం అక్కడ వస్తుంది.

ఇంకొక మాట. ఆరు వారాలయ్యాక టేపు పెట్టి చూసుకుంటే దండచేయి చుట్టుకొలత పావు అంగుళం కూడా మారలేదు. బల్లమీద పుషప్‌లు మాత్రం మూడు నుంచి తొమ్మిదికి వెళ్లాయి. మొదట్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాలదేనట, ఉన్న కండని పనికి పిలవడం అవి నేర్చుకుంటాయి. కండ పెరగడం తర్వాత సంగతి. ఇది ముందే తెలియక, అద్దంలో తేడా కనిపించలేదని నెలకే మానేసినవాళ్లు నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లలోనే ఇద్దరున్నారు. ఇలాంటివి రాయండి.

అంతే చోటులో అయిదే వ్యాయామాలు వేసి, ఒక్కోదానికి నాలుగు మెట్లు బొమ్మలుగా ఇవ్వమని నా మనవి. మొదటి మెట్టు బొమ్మకి ఆ కుర్రాడు వద్దు, నా వయసువాళ్లనెవరినైనా నిలబెట్టండి. లాగేది మాత్రం మర్చిపోవద్దు. గోడమీద పాత కాగితాలు పీకేశాను, చోటు ఖాళీగానే ఉంది.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక టైలరు