కమిషనర్ గారూ, మా బాపు తుపాకీ ఇవ్వండి, లేదా ఇవ్వబోమని రాసివ్వండి

గౌరవనీయులైన నగర పోలీస్ కమిషనర్ గారికి,

నమస్కారం. ఇదే విషయం మీద మీ ఆఫీసులో ఇప్పటికి 7 అర్జీలు ఇచ్చాను. ఏడింటి రశీదులూ భద్రంగా ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్కదానికీ లేదు. అందుకే ఎనిమిదోది నలుగురూ చదివేలా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

మా బాపు 2023 ఆగస్టులో చనిపోయాడు. దినాలు అయిన మర్నాడే ఆయన సింగిల్ బ్యారెల్ తుపాకీని, మిగిలిన 9 తూటాలను స్టేషన్‌లో అప్పగించాను. ఇలాంటివి అటక మీద దాచుకుని కిమ్మనకుండా ఉన్నవాళ్ళు మా చుట్టుపక్కల ఉన్నారు. వాళ్ళనెవరూ అడగలేదు. పద్ధతిగా ఇచ్చినందుకు నాకీ తిరుగుడు.

వారసుడిగా ఆ తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. శిక్షణ సర్టిఫికెట్, డాక్టర్ సర్టిఫికెట్, అక్క, తమ్ముడు అభ్యంతరం లేదని రాసిన కాగితాలు అన్నీ జతచేశాను. స్టేషన్ రిపోర్టుకు 2016 ఆయుధాల రూల్స్‌లో గడువు 30 రోజులు. రాకపోతే దానికోసం ఆగకుండానే నిర్ణయం తీసుకోవచ్చని చట్టంలోనే ఉంది. మీకు తెలియదని కాదు. స్టేషన్‌కు వెళితే "పైకి పంపించాం" అంటారు. పైకి వస్తే "కింది నుంచి రాలేదు" అంటారు. మధ్యలో ఉన్నవి మెట్లే కదా సార్, ఫైలు ఏ మెట్టు మీద కూర్చుందో కొంచెం చూడమనండి.

ఒకసారి మీ ఆఫీసు లైసెన్సుల సెక్షన్‌లో ఉన్నాయన నవ్వుతూ అన్నాడు: "మీ ఊరు సిటీలో కలిసింది కదా, ఇంకా పంట రక్షణేంటి?" నిజమే, కలిసింది. ఆ సంగతి అడవి పందులకు ఎవరు చెప్పాలి?

నాది 3 ఎకరాల మక్క చేను. కంకి పాలు పోసుకునే రోజుల్లో రాత్రంతా మంచె మీదే ఉంటాను. చేను చుట్టూ పాత చీరలు కట్టాను. మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లాను. రేకు డబ్బా కొట్టాను, దీపావళి బాంబులు కాల్చాను. నాలుగు రోజులు బెదిరాయి, అయిదో రోజు నుంచి అలవాటు పడ్డాయి. పోయిన పంటకు ఒక రాత్రి కన్ను మూతపడింది. తెల్లారి చూస్తే పడమటి వైపు అర ఎకరం నేలకు అతుక్కుపోయి ఉంది. పంది కంకి మొత్తం తినదు సార్, కొరికి వదిలేసి పక్క కర్రను పడేస్తుంది. అదే నాకు ఎక్కువ మంట. బాపు ఉన్నప్పుడు ఒక రాత్రి ఒక్కసారి గాల్లోకి పేలిస్తే, వారం పాటు అటువైపు వచ్చేవి కావు. నేను అడిగేది కూడా అంతే. అటవీ శాఖ అనుమతి లేకుండా పందిని కాల్చకూడదని నాకు తెలుసు.

ఇక నా చేను పక్కనే వెంచర్ వేసిన పెద్దమనిషి సంగతి. అక్కడి గుట్టను, తుప్పలను జేసీబీతో చదును చేయించింది ఆయనే. అక్కడున్న పందులన్నీ నా చేను మీద పడ్డాయి. ఆయనకు ప్రాణహాని ఉందట, 4 నెలల్లో పిస్టల్ లైసెన్సు వచ్చింది. ఆయన ఫైలు లోపలికి వెళ్ళిన రోజు నేను మీ వరండా బెంచీ మీదే ఉన్నాను. ఫైలు తెచ్చిన కుర్రాడికి టీ కూడా ఇచ్చారు. మొన్న పుట్టినరోజు ఫ్లెక్సీలో ఆ పిస్టల్ నడుముకు పెట్టుకునే నిలబడ్డాడు. పందుల వల్ల ఆయనకు ప్రాణహాని అయితే లేదు.

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చూడండి. పంట కాపాడుకునే రైతుకు గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలనే ఉంది. అది సరిపోదనుకుంటే మా బాపుది లాంటిది ఇవ్వచ్చనీ ఉంది. పిస్టల్ అడిగినవాడే తగిన కారణం చూపించాలి. అంటే చట్టం నాకు సులువు చేసింది, ఆయనకు కష్టం చేసింది. మీ ఆఫీసు మెట్లెక్కేసరికి తలకిందులైంది. సరిపడా ఆస్తి లేదన్న కారణంతో కాదనకూడదని 14వ సెక్షన్‌లో ఉంది. కానీ మీ సెక్షన్‌లో నన్ను మొదట అడిగింది "ఐటీ రిటర్న్స్ ఉన్నాయా?" అనే. 1878 నాటి ఆయుధాల చట్టం కింద తెల్లదొరలకు లైసెన్సే అక్కర్లేదు, మనవాళ్ళకే కావాలి. దొరలు పోయారనుకున్నాం.

ఊళ్ళో అందరికీ తుపాకులు పంచమని నేననడం లేదు. పంచితే ముందు భయపడేది నేనే. నా కాగితాల్లో లోపం ఉంటే చెప్పండి. నేను తగనని అనిపిస్తే కారణం రాసి కాదనండి, అప్పీలుకు వెళతాను. అవును అనరు, కాదు అనరు. దేని మీద అప్పీలు చేయాలి? స్టేషన్‌లో గడువు దాటిన ఆయుధం ప్రభుత్వపరం అవుతుందంటున్నారు, నాకు అదొక టెన్షన్. దయచేసి ఫైలు తెప్పించుకోండి సార్. ఒక్కసారి తెప్పించుకోండి.

ఇట్లు,
మీ నగరంలోనే ఉన్న ఒక మక్క రైతు

తా.క.: కిందటి నెల స్టేషన్‌లో తుపాకీ చూపించమని బతిమాలితే చూపించారు. ట్రిగ్గర్‌కు కట్టిన చీటీ మీద బాపు పేరు చెమ్మకు అలుక్కుపోయింది. గొట్టం మీద తుప్పు మొదలైంది. ఆయన నెలకోసారి కుట్టుమిషన్ నూనెతో తుడిచేవాడు. ఇవ్వడం ఇంకా ఆలస్యమయ్యేలా ఉంటే నూనె సీసా నేనే తెచ్చుకుంటాను, అక్కడే కూర్చుని తుడవనివ్వండి.