ఆ నల్ల స్పీకర్ కేబుళ్లు వాడకండి, కోసి వెనక్కి పంపండి

పాత ట్యూబ్ ఆంప్‌కీ గిటార్ క్యాబినెట్‌కీ మధ్య వేసుకోవడానికి మా దగ్గర మోల్డెడ్ ప్లగ్గుల (విప్పడానికి వీల్లేకుండా ప్లాస్టిక్‌తో పోతపోసినవి) నల్ల కేబుల్ కొన్నవాళ్లు దాన్ని ఇవాళే తీసేయండి. పైన మా స్టిక్కరుంది గానీ లోపలున్నది మామూలు గిటార్ కేబుల్.

స్పీకర్ కేబుల్లో ఒకే మందం ఉన్న రెండు తీగలు పక్కపక్కన ఉండాలి. మేం అడిగింది 16 గేజ్ మందం. ఒకటి కోసి చూస్తే మధ్యలో దారమంత తీగ, దాని చుట్టూ రాగి జల్లెడ. సరఫరాదారుని నిలదీస్తే ‘సౌండ్ వస్తోందిగా’ అన్నాడు. ఎందుకు రాదు, తెగేదాకా వస్తుంది! 50 వాట్లు 4 ఓమ్‌ల మీదికి వెళ్తే ఆ దారంలో మూడున్నర ఆంపియర్లు పారాలి. వేడికి లోపలి ప్లాస్టిక్ మెత్తబడి షార్టన్నా కావచ్చు, ప్లగ్గు దగ్గర తీగన్నా తెగొచ్చు. ట్రాన్సిస్టర్ ఆంప్‌కి షార్ట్ గండం, ట్యూబ్ ఆంప్‌కి తెగడం గండం. లోడు, అంటే స్పీకర్, లేకపోతే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (ట్యూబుల వైపు చుట్టలో) వోల్టేజీ ఎగదన్ని, ట్యూబు సాకెట్లో నిప్పురవ్వలు లేస్తాయి, చుట్ల ఇన్సులేషన్ చిల్లుపడుతుంది.

మల్టీమీటర్ బీప్ విని మేం పాస్ చేశాం. స్పీకర్ కేబుల్‌కైనా గిటార్ కేబుల్‌కైనా బీప్ ఒకేలా వస్తుంది. ఆ తప్పు మాదే, సరఫరాదారు మీదికి నెట్టం.

5 వాట్ల చిన్న ఆంప్‌లవాళ్లని కూడా కంగారు పెట్టాలా అని చాలా తర్జనభర్జన పడ్డాం. వాళ్ల కేబుల్ ఏళ్లతరబడి పనిచేయొచ్చు. కానీ అదే కేబుల్ రేపు ఏ 100 వాట్ల హెడ్‌కి (స్పీకర్ లేని విడి ఆంప్‌కి) తగిలిస్తారో ఎవరికి తెలుసు? అందుకే అన్నీ వెనక్కి. ఇకమీదట విప్పి చూడ్డానికి వీల్లేని ప్లగ్గు మా దగ్గర అమ్మం. బేరం పోతే పోనీ.

కొత్త కేబుల్ రాగానే ఒక చివర క్యాబినెట్‌కి పెట్టి, రెండో చివర ప్లగ్గు మొనకీ కాడకీ మధ్య మీటర్ పెట్టండి. 8 ఓమ్‌ల క్యాబినెట్ 6-7 చూపాలి, 16 అయితే 12-13. సున్నా చూపినా, అసలేమీ చూపకపోయినా ఆంప్ ఆన్ చేయొద్దు. 16 ఓమ్‌ల క్యాబినెట్లు రెండు పెడితే ఆంప్ మీది ఓమ్‌ల సెలెక్టర్ 8 మీదుండాలి. పాత ఫెండర్ కంపెనీ ఆంప్‌లలో ముందు మెయిన్ జాక్‌లోనే పెట్టండి. అది ఖాళీగా ఉంటే ఔట్‌పుట్‌ని షార్ట్ చేసి ఉంచుతుంది కాబట్టి ఎక్స్‌టెన్షన్ జాక్ (రెండో స్పీకర్ కోసం ఉన్నది) ఒక్కదాంట్లో పెడితే మోగదు. ఆంప్ నడుస్తుండగా మాత్రం కేబుల్ పీకొద్దు.

పాత కేబుల్ పంపేముందు మధ్యకి కోసేయండి. మా స్టిక్కరుతో అది మరొకరి ఆంప్‌కి తగలకూడదు.