డార్క్ థీమ్ వస్తోంది, మీ కాంపోనెంట్లు చూసుకోండి

అందరికీ నమస్తే.

శుక్రవారం సాయంత్రం 4 గంటలకు ముదురు నేపథ్యం మీద లేత అక్షరాలుండే డార్క్ థీమ్‌ని మన కాంపోనెంట్ల (బటన్ల లాంటి స్క్రీన్ భాగాల) లైబ్రరీలో కలిపేస్తున్నాం. ఈలోగా ఎవరి కాంపోనెంట్లు వాళ్లు ఒకసారి తెరిచి చూడండి.

రంగు కోడ్ నేరుగా రాసి ఉంటే తీసేసి సీఎస్ఎస్ వేరియబుల్ (థీమ్‌ని బట్టి రంగు మారేలా వాడే పేరు) పెట్టండి. వేరియబుల్ పేరు రంగును కాదు, అది చేసే పనిని చెప్పాలి. ‘నీలం-500’ వద్దు, ‘బటన్-నేపథ్యం’ లాంటిది కావాలి. నిన్న నా బటన్‌లోనే ఒక తెలుపు రంగు కోడ్ దాక్కుని దొరికింది. డార్క్‌లోకి మారిస్తే తెల్ల బటన్ మీద తెల్ల అక్షరాలు!

మామూలు అక్షరాలకు నేపథ్యంతో కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1, పెద్దవాటికి 3:1. ట్యాబ్ కీ నొక్కినప్పుడు ఫోకస్ గీత (ఇప్పుడు దేని మీద ఉన్నామో చూపేది) కనిపిస్తోందా? అందరం మర్చిపోయేది అదే.

అయిపోయినవాళ్లు కాంపోనెంట్ పేరు ఇక్కడ పెట్టండి. గురువారం రాత్రి మళ్లీ గుర్తుచేస్తాను, తిట్టుకోకండి.